అప్పు సంగతి ఉద్యోగం వచ్చాక చెబుదామనుకుంటున్న అబ్బాయికి

బాబూ, మా చిన్నవాడి ఈడువాడివి, అందుకని నువ్వు అనే రాస్తున్నాను. నీ ప్రశ్న పెద్దది. చదివే మిగతావాళ్ల కోసం నాకు అర్థమైనంత ముందుగా చెబుతాను.

నీకు 27 ఏళ్లు. నరసరావుపేట దగ్గర పల్లె. బీకాం అయ్యాక మూడేళ్లుగా గ్రూప్-2 చదువుతున్నావు. నాన్నగారికి సొంతం మూడెకరాలు, కౌలు నాలుగెకరాలు, వేసేది మిర్చి. అప్పు మొత్తం 14 లక్షలు: ప్రామిసరీ నోట్ల మీద 9 లక్షలు, గుంటూరులో మిర్చి అమ్మిపెట్టే కమిషన్ కొట్టులో 3 లక్షలు, బ్యాంకు పంట రుణం 2 లక్షలు. బ్యాంకుది తప్ప మిగతాదంతా రెండు రూపాయల వడ్డీ. డిగ్రీలో పరిచయమైన అమ్మాయి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. వాళ్లింట్లో సంబంధాలు చూస్తున్నారు. కులం వేరు. "ఇంకో ఏడాది ఆగు" అని నువ్వు అడిగావు, తను ఆగుతోంది. పోయినసారి నీ కోచింగ్ ఫీజు కూడా తనే కట్టింది. అప్పు గురించి మాత్రం తనకి ఒక్క మాట చెప్పలేదు. ఉద్యోగం వచ్చేదాకా చెప్పకుండా ఉంటే తప్పా, ఇప్పుడే చెబితే తను వెళ్లిపోతుందా అన్నది నీ ప్రశ్న.

నా సమాధానం ఇది. ఈ నెలలోనే ఆ అమ్మాయికి మొత్తం లెక్క చెప్పు. ఈ నెలలోనే జీతం వచ్చే పని ఏదైనా చూసుకుని చేరు. గ్రూప్స్ ఆ పని చేసుకుంటూ రాయి, అదీ వచ్చే ఒక్క నోటిఫికేషన్ వరకే. ఉద్యోగం వస్తే సమస్యలన్నీ ఒకేసారి తీరిపోతాయని నువ్వు అనుకుంటున్నావు. అక్కడే నీకు చిక్కు వచ్చింది.

నేను పల్నాడు బ్యాంకు బ్రాంచీల్లో మొదట ఫీల్డాఫీసరుగా, తర్వాత మేనేజరుగా చేశాను. రిటైరయ్యాక ఆర్థిక అక్షరాస్యత కేంద్రంలో కౌన్సెలరుగా కూర్చుంటున్నాను. నీలాంటి కుర్రాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, కొన్నిసార్లు వాళ్లు ప్రేమించిన అమ్మాయిలు కూడా నా బల్ల ముందు కూర్చున్నారు. ఇక్కడ రాసేవన్నీ ఆ బల్ల దగ్గర చూసినవే. ఎవరి వివరాలూ బయటపడకుండా రాస్తున్నాను.

ముందు వడ్డీ సంగతి. నోట్లూ కొట్టు బాకీ కలిపి 12 లక్షలు. నూటికి నెలకి రెండు రూపాయలంటే నెలకి 24,000. ఏడాదికి 2,88,000. నువ్వు చదువుకుంటున్న గదిలో ఏ చప్పుడూ లేకుండా ఈ డబ్బు పెరుగుతూనే ఉంటుంది.

దీనికి పరీక్ష క్యాలెండరు కలిపి చూడు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రూప్-2 నోటిఫికేషన్ 2018 చివర ఒకటి వచ్చింది, తర్వాతిది 2023 డిసెంబరులో. మధ్యలో ఐదేళ్లు. 2023లో 897 పోస్టులకి నాలుగున్నర లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలోనూ ఇదే వరస. 2022 డిసెంబరులో 783 పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే వాయిదాల మీద వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. నోటిఫికేషన్ నుంచి మెయిన్స్ దాకా పద్నాలుగు నెలలు పట్టిందనుకో. ఇప్పుడున్న అప్పు లెక్కన ఆ పద్నాలుగు నెలల వడ్డీయే 3,36,000. పోనీ ఉద్యోగం వచ్చిందే అనుకుందాం. కొత్తగా చేరినవాడి జీతంలో నుంచి నెలకి 24 వేలు వడ్డీకే పోతే అసలు ఎప్పటికి తగ్గుతుంది?

నిన్ను చదువు మానేయమనడం లేదు. మూడేళ్లు చదివినవాడికి పుస్తకం మూసేయమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. బ్యాంకులో నా కింద పనిచేసిన పిల్లల్లో కొందరు పొద్దున్నే లేచి చదివి, సాయంత్రం దాకా కౌంటర్లో కూర్చుని, గ్రూప్స్ కొట్టి వెళ్లారు. నువ్వు బీకాం చదివావు. గుంటూరు చుట్టుపక్కల ఎన్ని కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయో నీకు తెలుసు. మిర్చి వ్యాపారులకి జీఎస్టీ, ట్యాలీ చూసేవాళ్లు ఎప్పుడూ కావాలి. 15 వేలో 18 వేలో ఇస్తారు. చిన్న జీతమే. కానీ ఆ జీతంతో నెల వడ్డీలో సగానికి పైగా ఆగుతుంది. పైగా ఆ అమ్మాయి వాళ్ల నాన్న "కుర్రాడు ఏం చేస్తాడు" అని అడిగితే చెప్పడానికి ఒక మాట ఉంటుంది. మన ఊళ్లలో "ప్రిపేర్ అవుతున్నాడు" అంటే మొదటి ఏడాది గౌరవిస్తారు. నాలుగో ఏడాది వచ్చేసరికి ఖాళీగా ఉన్నాడని అర్థం చేసుకుంటారు. అది అన్యాయమే, కాదనను. కానీ సంబంధం మాట్లాడే ఇంట్లో వాళ్లు చూసేది అదే.

ఇక ఆ అమ్మాయి సంగతి. నువ్వు అడిగిన అసలు ప్రశ్న ఇది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

అప్పు రహస్యమని నువ్వు అనుకుంటున్నావు. ఒక్కసారి ఆలోచించు. ప్రతి నోటు మీదా ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటాయి. నోటు రాసింది దస్తావేజు లేఖరో, ఊళ్లో చదువుకున్న పెద్దమనిషో. కమిషన్ కొట్టు గుమాస్తాకి మీ నాన్న పేరు మీద ఎంత బాకీ ఉందో నోటికి తెలుసు. వడ్డీ తీసుకునేవాళ్ల ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు. ఆ అమ్మాయి తండ్రి సంబంధం గురించి ఆరా తీయడం మొదలుపెడితే, మీ ఊరి బస్టాండులో దిగి ఒక టీ తాగేలోపు ఈ 14 లక్షలు ఆయన చెవిన పడతాయి. ఊళ్లో వాళ్లు కాస్త కలిపి 20 లక్షలని కూడా చెబుతారు. ఆ రాత్రి ఆయన కూతురికి ఫోన్ చేసి "నీకు తెలుసా?" అని అడుగుతాడు. తను ఏం చెప్పాలి? "తెలుసు నాన్నా, అంతా నాకు చెప్పాడు" అనగలిగితే నీ పక్షాన ఒక మనిషి నిలబడినట్టు. "తెలియదు" అనాల్సి వస్తే ఆ క్షణంలో తను తండ్రి వైపుకి జరిగిపోతుంది. అందులో తన తప్పేమీ ఉండదు.

నా దగ్గరకి వచ్చిన ఒక జంట గురించి చెబుతాను. ప్రేమ పెళ్లే, పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. అబ్బాయి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు పెట్టడానికి ఆరు లక్షలు అప్పు తెచ్చాడు. పెళ్లికి ముందు ఆ అమ్మాయి "అప్పులేమైనా ఉన్నాయా" అని సూటిగా అడిగితే లేవన్నాడు. పెళ్లయ్యాక మొదటి ఉగాదికి అప్పిచ్చినాయన ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఏడుస్తూ నాతో అన్న మాట ఇది: "మేడం, ఆరు లక్షలు పెద్ద విషయం కాదు. ఇద్దరం కలిసి కట్టుకునేవాళ్లం. నేను అడిగిన రోజున లేవన్నాడు కదా, ఇప్పుడు ఏ మాట నమ్మాలి?" ఆరు లక్షలు నాలుగేళ్లలో తీరిపోయాయి. ఆ మాట మాత్రం తర్వాత కూడా వాళ్ల మధ్య ఉండిపోయింది, ఆ అబ్బాయే చెప్పాడు నాకు.

ఇంకో అమ్మాయి ఉంది, మందుల షాపులో ఫార్మసిస్టు. ప్రేమించిన అబ్బాయి అప్పులన్నీ కాగితం మీద రాసి ఆమెకి ఇచ్చాడు. ఆమె ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసి నా దగ్గరకి వచ్చారు. నోట్ల జిరాక్సులు బల్ల మీద పరిచి, ఫోనులో కాలిక్యులేటరు తీసి ఒక్కో నోటుకీ వడ్డీ కట్టింది. ఒక నోటు మీద ముందే కట్టిన 30 వేలకి నోటు వెనక చెల్లు, అంటే కట్టినట్టు రాత, వేయించుకోలేదని తనే పట్టుకుంది. అబ్బాయి ఆ మర్నాడే వెళ్లి చెల్లు వేయించుకున్నాడు. వాళ్ల పెళ్లి రెండేళ్లు ఆలస్యమైంది, కానీ అయింది.

తను వెళ్లిపోతుందా అని అడిగావు. వెళ్లవచ్చు. అలా జరగదని నేను నీకు హామీ ఇవ్వలేను. 14 లక్షల అప్పున్న ఇంట్లోకి వెళ్లనని ఒక అమ్మాయి అనుకుంటే అది తన జీవితం గురించి తను తీసుకునే నిర్ణయం, దానిని మోసం అనకు. కానీ తను నీ చదువు మీద తన జీతం పెట్టింది, వచ్చిన సంబంధాలు వద్దంది, ఇంట్లో మాటలు పడుతోంది. ఇవన్నీ సగం విషయమే తెలిసి చేస్తోంది. మిగతా సగం తెలుసుకుని నిర్ణయించుకునే హక్కు తనకి ఉంది.

ఎలా చెప్పాలంటే: ఫోనులో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. హైదరాబాదు వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పు. ఒక తెల్లకాగితం మీద ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఏ తేదీన తెచ్చారో రాయి. దాని కింద ఉన్న ఆస్తి రాయి: పొలం, ఇల్లు, అమ్మ బంగారం. దాని కింద నువ్వు ఏం చేయబోతున్నావో రాయి. అప్పు ఎందుకయిందో కూడా చెప్పు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి పల్నాడులోనూ ఖమ్మం వైపూ మిర్చి తోటలకి తోటలే పోయాయి, పెట్టుబడి కూడా రానివాళ్లని నేనే ఎంతోమందిని చూశాను. తర్వాత 20 వేలు దాటి పలికిన సరుకు 2025 మొదట్లో సగానికి పడిపోయింది. మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సిన పరిస్థితి వచ్చింది. మీ నాన్నగారు పేకాట ఆడి చేసిన అప్పు కాదిది.

ఒక్కటి మాత్రం చేయకు. ఈ లెక్క చెప్పిన రోజున తన దగ్గర డబ్బు సాయం అడగకు, తనే ఇస్తానన్నా తీసుకోకు. కోచింగ్ ఫీజు కూడా నీ మొదటి జీతం నుంచి నెలకి రెండు వేలైనా తిరిగి పంపు. తను వద్దంటుంది, అయినా పంపు.

ఇప్పుడు అప్పు గురించి బ్యాంకు మనిషిగా నేను తప్పనిసరిగా చెప్పాల్సినవి.

నోటు తిరగరాసేటప్పుడు నీ సంతకం పెట్టకు. ప్రామిసరీ నోటుకి సాధారణంగా మూడేళ్లే గడువు. ఆ లోపు వడ్డీయో అసలులో కొంతో కట్టి చెల్లు రాయాలి, లేదా కొత్త నోటు రాయాలి. కొత్త నోటు రాసేటప్పుడు పాత వడ్డీ అంతా అసలులో కలిసిపోతుంది. 4 లక్షల నోటుకి మూడేళ్లు ఏమీ కట్టకపోతే 6,88,000 అవుతుంది. ఇంకో మూడేళ్లు అలాగే పోతే 11,83,360. ఆరేళ్లలో దాదాపు మూడు రెట్లు. తండ్రికి వయసు మీద పడుతోందని అప్పిచ్చినవాళ్లకి తెలుసు, అందుకే తిరగరాసే రోజున "అబ్బాయి కూడా ఒక సంతకం పెట్టనీ, ఏముందిలే" అంటారు. తండ్రి అప్పుకి కొడుకు కేవలం కొడుకైనందుకే బాధ్యుడన్న పాత సూత్రాన్ని 2005లో హిందూ వారసత్వ చట్ట సవరణతో తీసేశారు. తండ్రి ద్వారా వచ్చే ఆస్తి మేరకు అప్పు ఎటూ తగులుతుంది. నువ్వు సంతకం పెట్టిన రోజు నుంచి మాత్రం నీ జీతానికీ తగులుతుంది.

ఖాళీ చెక్కు అస్సలు ఇవ్వకు. చెక్కు బౌన్సయితే 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. రేపు నీకు ఉద్యోగం వస్తే చేరేముందు నడవడిక విచారణ ఉంటుంది, పెండింగ్ కేసులు రాయాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి చదివిన చదువుని ఒక ఖాళీ చెక్కు మీద పెట్టకు. పొలానికి తనఖా బదులు అమ్మకపు అగ్రిమెంటు రాయించుకునే పద్ధతి కూడా మన వైపు ఉంది. మీ నాన్నగారు అలాంటిది ఏమైనా రాశారేమో మెల్లగా అడిగి తెలుసుకో. అలాంటిది ఉంటే వెంటనే వకీలుకి చూపించు.

పెద్ద వడ్డీని చిన్న వడ్డీలోకి మార్చు. అమ్మ దగ్గర పది కాసుల బంగారం ఉందన్నావు, అంటే 80 గ్రాములు. గ్రాము 8,000 అని తగ్గించి లెక్క వేసినా 6,40,000. అందులో ముప్పాతిక వంతు అప్పు వచ్చినా 4,80,000. బ్యాంకులో ఏడాదికి 9 శాతం అంటే మన లెక్కలో ముప్పావలా వడ్డీ. నెలకి 3,600. అదే డబ్బుకి బయట 9,600 కడుతున్నారు. నెలకి ఆరు వేలు మిగులుతుంది. అయితే ఆ బంగారం అమ్మది. తాకట్టు పెట్టాలా వద్దా అన్నది ఆమే చెప్పాలి, నువ్వూ నాన్నా కలిసి నిర్ణయించి తీసుకెళ్లకండి. ఏడాదికొకసారి వడ్డీ కట్టి రెన్యూ చేయకపోతే వేలం నోటీసు వస్తుంది, ఆ తేదీ గుర్తు పెట్టుకోవాలి.

సొంత మూడెకరాల మీద పంట రుణం 2 లక్షలే తీసుకున్నారు. మిర్చికి ఎకరానికి ఇచ్చే రుణ పరిమితి ఎంతో బ్రాంచిలో అడుగు, పెంచే వీలు ఉండవచ్చు. 3 లక్షల వరకు పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే కేంద్రం ఇచ్చే రాయితీతో 4 శాతమే పడుతుంది. కౌలు పొలానికి మాత్రం సాగుదారు హక్కు పత్రం ఉన్నా బ్యాంకులు అంత తేలిగ్గా ఇవ్వవు. మీ నాన్నగారు కొట్టు దగ్గరకి వెళ్లింది అందుకే అయ్యుంటుంది. వీధి చిట్టీ పాడటం, ఫోనులో లోన్ యాప్‌లు, ఈ రెండింటి జోలికి వెళ్లకు.

అప్పిచ్చినవాళ్లతో నువ్వే వెళ్లి మాట్లాడు. రైతుల అప్పుల మీద వడ్డీ తగ్గించమని కోర్టుని అడిగే వీలు 1938 నాటి మద్రాసు చట్టం నుంచి మన కోస్తా జిల్లాల్లో ఉంది, ఆ సంగతి వాళ్లలో చాలామందికి తెలుసు. దానితో బెదిరించమని కాదు. "ఇంత ఒకేసారి కడతాను, వడ్డీ రూపాయికి తగ్గించి నోటు ముగించండి" అంటే వినేవాళ్లు ఉన్నారు. నేను దగ్గర కూర్చుని మాట్లాడిన చాలా ఇళ్లలో విన్నారు. చేతిలో కొంత డబ్బు పెట్టుకుని వెళ్లాలి, ఉత్త చేతులతో వెళ్తే వినరు.

నువ్వు ఒక వాక్యంలో రాసి వదిలేసిన విషయం ఇంకోటి ఉంది: "మేనమామ ఒక సంబంధం తెచ్చాడు, 15 లక్షలు ఇస్తారట, అప్పు తీరిపోతుందని అమ్మ అంటోంది." ఇది వద్దు. 1961 నుంచి కట్నం తీసుకోవడం నేరం, కనీసం ఐదేళ్ల జైలు. చట్టం సంగతి అలా ఉంచు. ఒక ఆడపిల్ల తండ్రి బహుశా ఇదే రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుతో నీ తండ్రి నోట్లు చింపేస్తే, అప్పు తీరలేదు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లింది. ఆ పిల్ల నీ ఇంట్లో ఏ ముఖంతో తిరగాలి, నువ్వు ఆమె ముఖం ఎలా చూస్తావు? అమ్మని తప్పుపట్టకు. రాత్రిళ్లు నిద్రపట్టక అన్న మాట అది. నెలకి ఆరు వేలు వడ్డీ తగ్గిందని, నువ్వు పనిలో చేరావని చూపిస్తే ఆమె కూడా ఆ మాట మళ్లీ ఎత్తదని నా నమ్మకం.

కులం గురించి క్లుప్తంగా. హిందువులలో కులాంతర వివాహానికి 1955 హిందూ వివాహ చట్టం అడ్డు చెప్పదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది ఆఫీసు బోర్డు మీద పెడతారు. చిన్న ఊళ్లో ఆ బోర్డు అందరూ చదువుతారు, అది దృష్టిలో పెట్టుకోండి. కానీ ఆ దశకి మీరింకా రాలేదు. అబ్బాయికి పని ఉంది, అప్పుకి ఒక దారి ఉంది అన్నాక పెద్దవాళ్లతో మాట్లాడటం ఇప్పటికంటే చాలా తేలికవుతుంది.

ఎకరం అమ్మాలా అని చివర అడిగావు. నాన్నగారు "పొలం అమ్మాడు అంటారు" అని బాధపడుతున్నారన్నావు. ఎకరం కౌలుకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో, ఆ ఎకరం విలువకి సమానమైన అప్పుకి ఏడాదికి ఎంత వడ్డీ పోతోందో పక్కపక్కన రాసి ఆయనకి చూపించు. చాలామంది తండ్రులు ఆ రెండు అంకెలు ఒకే కాగితం మీద ఎప్పుడూ చూసి ఉండరు. పిత్రార్జితమైతే నీ సంతకంతో పాటు మీ అక్క సంతకం కూడా అవసరమవుతుంది, కాబట్టి తనకీ ముందే చెప్పాలి. అయితే బంగారం, పంట రుణం, బేరం అయ్యాక ఎంత మిగిలిందో తేలకుండా అమ్మకం మాట ఎత్తవద్దు.

సోమవారం పట్టాదారు పాస్ పుస్తకం, పొలం రికార్డులైన 1బి, అడంగల్, ఆధార్ తీసుకుని నాన్నగారితో బ్రాంచికి వెళ్లు. ప్రతి నోటు తేదీ, వెనక వేసిన చెల్లులు విడిగా రాసి పెట్టుకో. ఊరు, పేర్లు లేకుండా ఆ తేదీలూ అంకెలూ ఇక్కడ పెట్టు. ఏ నోటు ముందు తీర్చాలో, ఎకరం అమ్మే అవసరం ఉందో లేదో అవి చూసి చెబుతాను.